నివురుగప్పిన నిప్పు: హుక్కా చిలుము పూర్వోత్తరములు

తెలుగువారికి 'నివురుగప్పిన నిప్పు' అను మాట చిరపరిచితము. పైకి బూడిదవలె కానవచ్చుచు లోపల కణకణలాడు నిప్పును గూర్చి పెద్దలు ఈ మాట వాడుదురు. కోపము నణచుకొన్న మనుష్యునికిని, ఇంకను బయటపడని కలహమునకును దీనిని ఉపమానముగా చెప్పుట వాడుక. అయితే ఈ మాటను ఉపమానముగా గాక యథార్థముగా ఆచరించి, నిప్పునకు నివురు ఎంత పట్టనీయవలెనో, ఎప్పుడు దానిని రాల్చవలెనో కనిపెట్టుటయే వృత్తిగా బ్రదికినవారు మన దేశమున రెండు శతాబ్దులకు పైగా నుండిరి. వారికి హుక్కాబర్దారులని పేరు. ప్రభువు పీల్చు హుక్కాపై నిప్పులు పేర్చుట వారి పని.

నవాబుల చిత్రపటములలో హుక్కాను చూడనివారు అరుదు. చూపరుల కన్ను సాధారణముగా బుడ్డిపై నున్న వెండి పూవుల మీదను, పామువలె చుట్టలు చుట్టుకొన్న గొట్టము మీదను నిలుచును. కాని హుక్కాకు ప్రాణము ఆ రెంటియందును లేదు. అన్నిటికన్న పైనుండు పిడికెడు మట్టిచిప్పలోను, దాని నెత్తిన నుండు నాలుగైదు నిప్పుకణికలలోను ఉన్నది. ఆ చిప్పయే చిలుము. తుప్పునకు వాడు చిలుమను మాట వేరు, ఇది వేరు. ఆ చిలుముపై కణికలు పేర్చిన చేతుల చరిత్రయు, ఆ కణికలనుండి పుట్టిన ఒక గొప్ప భ్రాంతి చరిత్రయు చదువరులు తెలిసికొనదగినవి.

పొగాకు రాక

పొగాకు మన దేశపు మొక్క కాదు. అది అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు సముద్రము దాటిపోయిన పిమ్మటనే తక్కిన ప్రపంచమునకు దాని సంగతి తెలిసినది. 1510లో గోవాను పట్టుకొన్న పోర్చుగీసువారి ఓడలపై అది పడమటి తీరమునకు వచ్చి, అచ్చటినుండి దక్కను సుల్తానుల రాజ్యములకు ప్రాకెను. ఢిల్లీ, ఆగ్రా నగరములకంటె ముందు దక్కనే పొగాకు రుచి చూచినదని చెప్పుటకు మంచి సాక్ష్యము కలదు.

అక్బరు పాదుషా బిజాపురమునకు అసద్ బేగు అను రాయబారిని పంపెను. అప్పుడు బిజాపురము నేలుచున్నవాడు రెండవ ఇబ్రహీం ఆదిల్ షా. అసద్ బేగు అచ్చట పొగాకును చూచెను. అంతకు పూర్వమెన్నడును తాను హిందూస్థానమున దానిని చూచి యుండలేదని అతడే వ్రాసి పెట్టినాడు. 1604 ప్రాంతమున అతడు తిరిగి వచ్చునప్పుడు కొంత పొగాకును వెంట తెచ్చి, పాదుషాకు కానుకగా నిచ్చుటకు ఒక గొట్టమును ముచ్చటగా సిద్ధము చేయించెను. ఆ గొట్టపు కాడ సుమత్రా దీవిలోని అచీను రేవునుండి వచ్చినది. మూడు మూరల పొడవుండెను. దాని రెండు కొనలయందును రత్నములు తాపించిరి. నోట బెట్టుకొను కొన యెమెను దేశపు కెంపువన్నె రాతితో చేయబడెను. నిప్పు వెలిగించుటకు బంగారు పాత్ర యొకటి చేర్చిరి. బిజాపుర సుల్తాను తనకిచ్చిన తాంబూలపు సంచిలో అసద్ బేగు మేలిరకపు పొగాకును నింపి, అన్నిటిని వెండిపళ్ళెమున నమర్చి సభలో ఉంచెను.

అక్బరు ఒకటి రెండు దమ్ములు పీల్చెను. ప్రక్కనున్న వైద్యుడు వెంటనే అడ్డు చెప్పెను. ఎవరును పరీక్షింపని వస్తువును, వైద్యగ్రంథములలో లేని వస్తువును పాదుషా సేవింపరాదని అతని వాదము. క్రొత్తదైన మాత్రమున దేనిని త్రోసివేయరాదనియు, లోకమున ప్రతి ఆచారమును ఒకనాడు క్రొత్తదియే యనియు అసద్ బేగు బదులు చెప్పెను. పాదుషా అతని వాక్చాతుర్యమును మెచ్చుకొనెను గాని పొగాకును అలవాటు చేసికొనలేదు. సభలోని ప్రభువులు మాత్రము తలకు కొంత అడిగి పుచ్చుకొనిరి. అనతికాలముననే వర్తకులు దానిని అంగళ్ళలో అమ్మసాగిరి. వైద్యుని మాట వీగిపోయెను. ఆ వైద్యుడు చెప్పినదే నిజమని లోకము గ్రహించుటకు మూడువందల యేండ్లకు పైగా పట్టినది.

అక్బరు కుమారుడు జహంగీరు 1617లో పొగాకును నిషేధించుచు ఆజ్ఞ పుట్టించెను. ఇరానులో షా అబ్బాసును అట్లే నిషేధించెను. కాని జహంగీరు ఇరానునకు పంపిన రాయబారి ఖాన్ ఆలం పొగ లేక క్షణమైన నిలువలేని మనుష్యుడు. అతని బాధ చూచి షా అబ్బాసు తన ఆజ్ఞను అతని విషయమున సడలించెను. రాజాజ్ఞలకంటె అలవాటు బలవత్తరమైనదని జహంగీరు స్వీయచరిత్రలోని ఈ ఒక్క కథయే చాటుచున్నది.

నీరు చేరిన విధము

అసద్ బేగు వర్ణనలో నీటి ప్రస్తావన లేదు. అది పొడుగుపాటి గొట్టమే గాని హుక్కా కాదు. హుక్కాను కనిపెట్టినవాడు అక్బరు ఆస్థాన వైద్యుడగు హకీం అబుల్ ఫత్ గీలానీ అని ఒక కథ వ్యాప్తిలో నున్నది. పొగను నీటిగుండా పోనిచ్చినచో అది పరిశుద్ధమగునని అతడు తలచెనట. ఆ హకీము 1589లోనే మరణించెను. అక్బరు సభకు పొగాకు వచ్చినది అటుపిమ్మట పదునైదేండ్లకు. కావున ఈ కథ కాలముతో పొసగుట కష్టము. అయినను కథ ఎట్టిదైనను, అందలి నమ్మకము మాత్రము ఆనాటిదే. నీరు పొగను కడిగి శుభ్రపరచునని జనులు దృఢముగా విశ్వసించిరి.

ఈ విశ్వాసమునకు మరియొక సాక్షి ఉన్నాడు. ఇంగ్లండు రాయబారి సర్ థామస్ రోతో కూడ జహంగీరు కొలువున మసలిన ఎడ్వర్డ్ టెర్రీ అను మతబోధకుడు తాను చూచిన పొగకుండను వర్ణించెను. అది సన్నని మెడగల చిన్న మట్టికుండ. దాని ప్రక్కనుండి ఒక కొమ్ము బయటికి వచ్చును. కుండ అడుగున నీరు పోయుదురు. పైన పొగాకును వదులుగా నుంచి, దానిపై నిప్పుకణిక నుంచుదురు. కొమ్ములో బాణపు కాడ కంటె లావు గాని గజమంత పొడవు గొట్టమును దూర్చి పొగ లాగుదురు. పొగ నీటిపై బడి నీటి రంగు చెడును. ఇట్లు పీల్చినచో పొగ చల్లగాను, ఆరోగ్యకరముగాను ఉండునని వారు నమ్ముదురని టెర్రీ వ్రాసెను. అతడు మన దేశమున నున్నది 1616 మొదలు 1619 వరకు. అతని గ్రంథము 1655లో అచ్చయ్యెను. అనగా పొగాకు అక్బరు సభకు వచ్చిన పదునైదేండ్లలోపుగనే నీరును, నిప్పుకణికయు, పొడవు గొట్టమును ఒకచోట చేరి హుక్కా రూపము దాల్చినవి.

పేర్లను బట్టియు కొంత చరిత్ర తెలియును. 'హుక్కా' అనునది గుండ్రని భరిణె అను అర్థముగల అరబ్బీ మాట. పడమటి దేశములలో దీనికి 'నర్గీలే' అని పేరు; ఆ మాటకు మూలము కొబ్బరికాయ. వంగదేశమున సామాన్యుల హుక్కా నేటి కాలమువరకును కొబ్బరిచిప్పతోనే చేయబడుచుండెను. నీరు బుడబుడలాడు చప్పుడును బట్టి తెలుగువారు దీనిని 'గుడగుడ' అనిరి.

చిలుము పేర్చు విధము

హుక్కాలో వాడు పొగాకు చుట్టలోని పొగాకువంటిది కాదు. ఆకును దంచి, బెల్లముతోనో బెల్లపు మడ్డితోనో కలిపి, కొన్నిచోట్ల పండ్ల గుజ్జును సుగంధద్రవ్యములను చేర్చి, నానబెట్టి ముద్దగా చేయుదురు. ఈ తడిముద్ద తనంత తాను మండదు. పైనుండి వేడి తగిలిన గాని పొగ రాదు. అట్లని నిప్పు నేరుగా తాకెనా, బెల్లము మాడి చేదెక్కును. మాడకుండ ఉడుకవలెను, ఉడుకుచు పొగయవలెను. హుక్కా విద్య యంతయు ఈ ఒక్క వాక్యములో నున్నది.

చిలుము అడుగున చిన్న రంధ్రముండును. ముద్ద ఆ రంధ్రమున జారి పడకుండ ఒక చిన్న రాతిబిళ్ళను గాని పెంకుముక్కను గాని అడ్డముగా వేయుదురు. దానిపై పొగాకును వదులుగా నింపుదురు. అదిమి కూరినచో గాలి దూరదు; గాలి దూరకున్న పీల్చువాని బుగ్గలు నొచ్చును గాని పొగ రాదు. పొగాకుపై 'తవా' అను పలుచని మట్టిబిళ్ళను మూతవలె నుంచుదురు. ఈ తవా చిలుము నోటికంటె కొంచెము చిన్నది. చుట్టును గాలి పోవుటకు సందుండును. నిప్పు ఈ తవా పైననే గాని పొగాకుపై నుండదు.

పిమ్మట కణికల పని. కుంపటిలో బొగ్గును అన్ని ప్రక్కల ఎర్రబడు వరకు కాల్చవలెను. ఒక మూల నల్లగా మిగిలినను అది పొగలు క్రక్కి రుచిని చెరచును. ఎర్రబడిన కణికలను పట్టుకారుతో తీసి, తవా అంచున ఉంగరమువలె చుట్టును పేర్చి, నడిమి భాగమును ఖాళీగా నుంచుట ఒక పద్ధతి. నడుమ రాశిగా పోసినచో వేడి యంతయు ఒకేచోట దిగి క్రింది ముద్ద మాడును, అంచులలోనిది పచ్చిగా నుండిపోవును. ఉంగరముగా పేర్చినచో వేడి అంతట సమముగా దిగును. మొదట పొగాకు వేడెక్కుటకు కణికలు ఎక్కువ కావలెను. ఒకమారు వేడెక్కిన పిదప ఒకటి రెండు తీసివేయవలెను. అప్పుడప్పుడు కణికలను తిరుగవేసి, చల్లబడిన ప్రక్కను పైకి, వేడి ప్రక్కను క్రిందికి త్రిప్పవలెను.

ఇక నివురు. క్రొత్త కణిక మిక్కిలి తీక్ష్ణము. దానిపై పలుచని నివురు పట్టినప్పుడే వేడి మెత్తబడును. నివురు దట్టమైనచో గాలి సోకక కణిక చల్లారును. అప్పుడు చిలుమును మెల్లగా తట్టి బూడిద రాల్చవలెను. మిక్కుటముగా తట్టినచో నిప్పురవ్వలు తివాసీపై పడును. గాలి విసరు తావులలో 'సర్పోషు' అను చిల్లుల లోహపు టోపీని చిలుముపై బోర్లించి, రవ్వలు లేవకుండ కాపాడుదురు.

ఇందొక వింత కలదు. హుక్కాకు వేరుగా తిత్తి అక్కరలేదు. పీల్చువాడు గాలి లాగినప్పుడెల్ల బయటి గాలి కణికల నొరసికొని లోపలికి పోవును. కణికలు కణకణ మండును. అతడు విరామమిచ్చినప్పుడు అవి మందగించును. పీల్చువాని ఊపిరియే కొలిమితిత్తి. అందువలన మెల్లగా నిదానముగా పీల్చువాని చిలుము చిరకాలము నిలుచును; ఆత్రముగా లాగువాని చిలుము త్వరగా మాడును.

సంపన్నుల యిండ్లలో అడవిబొగ్గును ముక్కలుగా నట్లే వాడక, దానిని మెత్తగా పొడిచేసి, గంజితో పిసికి, బిళ్ళలుగా గాని ఉండలుగా గాని చేసి ఎండబెట్టుకొనెడివారు. వీనికి 'గుల్' అనియు 'టికియా' అనియు పేర్లు. అన్నియు ఒకే పరిమాణమున నుండుటచే వేడియు ఒకే తీరున నుండును. ఉత్తరాది పల్లెలలో రైతునకు ఇట్టి సొగసులు లేవు. పొయ్యిలోని పిడకనిప్పు అతనికి చాలును.

నిప్పు మోసిన చేయి

హుక్కాతోపాటు హుక్కాబర్దారు పుట్టెను. పీల్చువాడు దిండ్లపై నొరగి కూర్చుండును. నిప్పు చూచువాడు కూర్చుండుటకు వీలు లేదు. పొగాకు కలుపుట, నీరు మార్చుట, గొట్టము కడుగుట, కుంపటి వెలిగించుట, చిలుము మార్చుట యనునవి అన్నియు అతని పనులే. చిలుము చల్లారినను తప్పు అతనిదే, మాడినను తప్పు అతనిదే.

ఈస్టిండియా కంపెనీ దొరలును ఈ అలవాటునకు లోబడిరి. కలకత్తాలో వారన్ హేస్టింగ్సు దంపతులు 1779లో ఒక విందునకు పంపిన ఆహ్వానపత్రికలో, అతిథులు హుక్కాబర్దారుని తప్ప వేరొక సేవకుని వెంట తేవలదని కోరిరి. తక్కిన సేవకులు లేకున్నను విందు జరుగును గాని నిప్పు చూచువాడు లేకున్న జరుగదన్నమాట. 1813లో లండనులో వెలువడిన చార్లెస్ డాయిలీ చిత్రసంపుటమున దొరయు, అతని ప్రక్క హుక్కాబర్దారును గల పటమొకటి కలదు. అట్టి పటములెన్నిటిలోనో దొర పేరు తెలియును. నవాబు పేరు తెలియును. బుడ్డి చేసిన ఊరి పేరు తెలియును. చిలుము మోయువాని పేరు మాత్రము కానరాదు.

పందొమ్మిదవ శతాబ్ది నడుమకు దొరల యిండ్లలో హుక్కా మూలబడినది. చుట్టకు సేవకుడు అక్కరలేదు; జేబులో నిముడును; గుఱ్ఱముపైనను కాల్చుకొనవచ్చును. పొగ త్రాగుట మానుటచేత కాదు, నిప్పు మోయువానిని వెంట త్రిప్పుకొనవలసిన భారము వదలుటచేత హుక్కా అంతరించినది. దానితో ఒక వృత్తియు మాసినది.

దక్కను బుడ్డి

హుక్కా చరిత్రలో మన ప్రాంతమునకు దక్కిన కీర్తి బీదరు పనితనమువలన కలిగినది. బీదరు 1956 వరకు హైదరాబాదు రాజ్యమున నుండి, ఆ యేట నేటి కర్ణాటకములో చేరినది. అచ్చటి పనివారు తుత్తునాగమున కొలదిగా రాగి కలిపి కరగించి మూసలో పోయుదురు. పోతను నునుపుచేసి, ఉలితో పూవులు, తీగెలు చెక్కి, ఆ గాళ్ళలో వెండి తీగెను గాని రేకును గాని కొట్టి బిగింతురు. చివరకు బీదరు కోటలోని ప్రాతమట్టిని నవాసారముతో కలిపి రుద్దుదురు. లోహము కారునలుపుగా మారును. వెండి మాత్రము తెల్లగనే నిలుచును. ఈ రీతిని చేసిన హుక్కా బుడ్లు దేశవిదేశములకు పోయినవి.

ఆ బుడ్ల ఆకారమునందును నిప్పు కథయే కానవచ్చును. పూర్వపు బుడ్లు బంతివలె గుండ్రనివి. వానిని నిలుపుటకు క్రింద కుదురు కావలెను. పదునెనిమిదవ శతాబ్దిలో క్రమముగా గంటవలె అడుగు విశాలముగా నుండు బుడ్లు వ్యాప్తికి వచ్చినవి. నెత్తిన నిప్పు మోయు వస్తువునకు కాలు ఊతగా నుండుట యెంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు. హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమున బీదరు పనితనపు వస్తువులను నేడును చూడవచ్చును. ఆ మ్యూజియము 1951లో దివాన్ దేవిడిలో తెరువబడి, 1968లో నేటి భవనమునకు మారినది.

తెలుగు పల్లెలో పొగ

తెలుగుదేశమున హుక్కా దేవిడీలకు, గడీలకు, జమీందారుల చావళ్ళకు చెందిన వస్తువే గాని సామాన్యుని వస్తువు కాలేదు. 1618 నుండి 1622 వరకు మచిలీపట్టణమున నున్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథోల్డు గోలకొండ రాజ్యమున పొగాకు విస్తారముగా పండి ఓడలపై విదేశములకు పోవుచుండెనని వ్రాసెను. అనగా నాలుగువందల యేండ్ల క్రిందటనే మన నేలపై పొగాకు పాతుకొన్నది. అయినను మన రైతు చేతిలో నిలిచినది చుట్టయే. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'లో గిరీశము శిష్యునికి చుట్ట మహిమనే బోధించెను గాని హుక్కా మహిమను గాదు.

ఒకడు ఇల్లు కాలి ఏడ్చుచుండగా మరియొకడు చుట్టకు నిప్పిమ్మని వెంటబడెనను సామెత తెలుగువారిలో ఎరుగనివారు లేరు. పొగాకు ఈ దేశమునకు వచ్చిన కాలమును బట్టి చూడగా, ఎంత ప్రాతదిగా తోచినను ఈ సామెత నాలుగువందల యేండ్లకు మించినది కాజాలదు. సామెతలకును వయస్సు కలదు.

శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములలో స్త్రీలు చుట్టను మండుచున్న కొన నోటిలోపల నుండునట్లు పెట్టుకొని కాల్చు ఆచారము కలదు. దీనికి అడ్డపొగ యని పేరు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చేతులు పనికి ఖాళీగా నుండును, చుట్ట చాలసేపు వచ్చును అని చెప్పుదురు. హుక్కా త్రాగు ప్రభువు నిప్పును తన నోటికి రెండు బారల దూరమున ఉంచుకొనెను. పని మానుటకు వీలులేని పేద స్త్రీ నిప్పును అంగిటిక్రిందనే పెట్టుకొనెను. 1945లో వైద్యపరిశోధకులగు ఖనోల్కరు, సూర్యబాయి గార్లు ఈ ప్రాంతపు అడ్డపొగకును, అంగిటి పుట్టకురుపునకును గల సంబంధమును లోకమునకు తెలిపిరి. అటుతరువాత విశాఖపట్టణపు వైద్యులును దీనిని విశదముగా పరిశీలించిరి.

ఉత్తరహిందూస్థానపు పల్లెలలో హుక్కాకు మరియొక అధికారము లభించినది. ఒకే హుక్కాను చుట్టును కూర్చున్నవారందరు చేతులు మార్చుకొని పీల్చుట బంధుత్వమునకు గురుతు. ఒకనితో కలిసి హుక్కా త్రాగుట మానుట అతనిని కులమునుండి వెలివేయుటయే. 'హుక్కా పానీ బంద్' అను మాట అట్లు పుట్టినది. ఒక చిలుము నిప్పు చుట్టును కూర్చుండ నర్హులెవరో, కానివారెవరో తీర్పు చెప్పు పంచాయతీలు సాగినవి. మనుష్యులను కలిపిన నిప్పే మనుష్యులను విడదీయుటకును పనికివచ్చెను. పలువురు ఒకే కొనను నోట బెట్టుకొనుటచే క్షయవంటి అంటువ్యాధులు వ్యాపించు ప్రమాదమును కలదని వైద్యులు తెలిపినారు.

నీరు కడుగని విషము

ఇక టెర్రీ విన్న నమ్మకమును గూర్చి విచారింపవలెను. నీటిగుండా పోయిన పొగ చల్లబడుట నిజము. పరిశుద్ధమగుట మాత్రము నిజము కాదు. నీరు కొంత నికోటినును, కొంత మసిని పట్టి యుంచును. చాలభాగము నీటి బుడగలలో దాగి పైకి వచ్చును. పొగ చల్లగా నుండుటచే గొంతు మండదు. గొంతు మండకపోవుటచే మనుష్యుడు మరింత లోతుగా, మరింత సేపు పీల్చును. సుఖమే ఇచ్చట మోసము.

దీనికంటె ముఖ్యమైనది బొగ్గు సంగతి. బొగ్గు కాలునప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నీటిలో కరగదనియే చెప్పవచ్చును. రక్తమునందలి ఎర్రకణములు ప్రాణవాయువును పట్టుకొనుటకన్న ఇన్నూరు రెట్లకు మించిన ఆసక్తితో ఈ వాయువును పట్టుకొనును. తలనొప్పి, తలదిమ్ము, వాంతి, మిక్కుటమైనచో స్పృహ తప్పుట దీని లక్షణములు. హుక్కా పొగలోని ఈ వాయువులో చాలభాగము పొగాకునుండి గాక చిలుముపై పేర్చిన బొగ్గునుండియే వచ్చును. కణికలను ఎంత నేర్పుతో పేర్చినను, నివురు ఎంత సమముగా పట్టినను, ఆ విషము తగ్గునను భరోసా లేదు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పండుకొన్నవారు తెల్లవారునప్పటికి లేవకుండుట పల్లెలలో విన్న సంగతియే. ఆ మృత్యువే ఇచ్చట చిన్న మోతాదులలో లోపలికి పోవును. గంటలకొలది కుంపటికడ కూర్చున్న హుక్కాబర్దారుడు పొగాకు ముట్టకున్నను ఈ గాలిని పీల్చకుండుట అసాధ్యము.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2005లో హుక్కాను గూర్చి ఒక హెచ్చరికపత్రమును వెలువరించి, 2015లో దానిని సవరించి మరల ప్రకటించెను. ఒక గంటసేపు హుక్కా పీల్చిన మనుష్యుడు లోనికి తీసికొను పొగ పరిమాణము ఒక్క సిగరెట్టు పొగకు నూరురెట్లు దాటవచ్చునని అందు తెలిపిరి. ఈ కాలమున నగరములలో హుక్కా కేంద్రములు వెలసినవి. మట్టి తవాకు మారుగా చిల్లులు పొడిచిన అల్యూమినియము రేకును, అడవిబొగ్గునకు మారుగా త్వరగా అంటుకొను బిళ్ళలను, బెల్లపు ముద్దకు మారుగా పండ్ల వాసనలు గల ముద్దలను వాడిరి. యువకులు దీనిని సిగరెట్టుకంటె నిరపాయమని భ్రమించిరి. అది నాలుగువందల యేండ్ల నాటి భ్రమయే. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రములను నిషేధించు సవరణ బిల్లును ఆమోదించెను.

ముగింపు

హుక్కా చరిత్ర యంతయు నిప్పును దూరము చేసికొనుటకై మనుష్యుడు చేసిన ప్రయత్నమువలె కానవచ్చును. పొగాకునకును నిప్పునకును నడుమ తవా నుంచెను. నిప్పునకును గాలికిని నడుమ నివురు నుంచెను. పొగకును గొంతునకును నడుమ నీటి నుంచెను. కాలుటకు వీలున్న చేతికి మారుగా మరియొకని చేతి నుంచెను. ఇన్ని అడ్డములవలన వేడి తెలియకపోయెను గాని కీడు తప్పలేదు. అక్బరు సభలో వైద్యుడు చెప్పిన హితము ఒక పూటలో ఓడిపోయినను, అసద్ బేగు దానిని తన గ్రంథమున దాచకుండ వ్రాసినందువలననే అది నేటివరకు నిలిచినది. తనకు ప్రతికూలమైన మాటను గూడ వ్రాసి పెట్టినవానికి చదువరులు ఋణపడి యుందురు.

హుక్కాబర్దారునికి అట్టి భాగ్యము కలుగలేదు. అతని నేర్పు అతనితోనే పోయినది. బొగ్గును చూచి దాని వేడి చెప్పగలిగిన ఆ కన్ను, నివురును చూచి తట్టవలసిన క్షణము నెరిగిన ఆ చేయి ఏ పుస్తకమునను తన మాట తాను చెప్పుకొనలేదు. ప్రతి గ్రామమునను ఇట్టి పనివారుండిరి, కొందరింకను ఉన్నారు. వారి పనిని, వారు పడిన పాట్లను వారి నోటనే విని వ్రాసి గ్రామ గ్రంథాలయమున భద్రపరచుట ఆ ఊరి చదువరులు చేయదగిన పని. రాజులకు వ్రాయసకాండ్రు ఉండిరి. నిప్పు మోసినవానికి గ్రంథాలయమే వ్రాయసకాడు కావలెను.